దిక్కులేని ముదిమికి ప్రభుత్వమే దిక్కు: దామోదరం సంజీవయ్య జీవితం

(ఫిబ్రవరి 14 దామోదరం సంజీవయ్య జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

కర్నూలు జిల్లా పడమటి కొసన, గుంతకల్లు - డోన్ రైలు మార్గంలో ఉన్న మద్దికెర వర్షాధార వ్యవసాయ ప్రాంతం. వేరుశనగ, జొన్న, కొర్ర, ఆముదం, పత్తి ఇక్కడి ప్రధాన పంటలు. వాన కురిసిన ఏడు గాదెలు నిండుతాయి. కురవని ఏడు ఊరిలో సగం తలుపులకు తాళాలు పడతాయి. పత్తికొండ, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల కూలీలు గుంటూరు మిరప చేలకు, తెలంగాణకు, కర్ణాటకకు సుగ్గికి వెళ్ళడం ఏటా జరిగే పని. కాళ్ళలో సత్తువ ఉన్నవారు వలస పోగా ఇంటివద్ద మిగిలేది వృద్ధులే. వారికి నెలనెలా అందే పింఛను, చౌక ధరల దుకాణంలో దొరికే బియ్యం బతుకుకు ఆధారాలు. ఈ రెండింటిలో మొదటిదానికి ఆంధ్రప్రదేశ్‌లో పునాది వేసిన ముఖ్యమంత్రి ఇదే జిల్లాలో ఒక భూమిలేని కుటుంబంలో జన్మించిన దామోదరం సంజీవయ్య. పాలకుడు కాకముందు ఆయన రేషనింగు కార్యాలయంలో గుమస్తాగా పనిచేయడం ఆయన జీవితంలోని ఒక విశేషం.

కరువు సీమలో జననం

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పట్టణానికి సమీపంలోని పెద్దపాడు గ్రామంలో మునెయ్య, సుంకులమ్మ దంపతులకు జన్మించారు. దళిత కుటుంబం. సెంటు భూమి లేదు. బట్టలు నేసి, కూలి చేసి పొట్ట పోసుకునేవారు. సంజీవయ్య పుట్టిన కొద్ది రోజులకే తండ్రి కన్నుమూశారు. పోషణ భారమై తల్లి పిల్లలతో తమ్ముని ఆశ్రయించి పాలకుర్తి చేరారు. కొంతకాలానికి తిరిగి పెద్దపాడు వచ్చారు. భర్త పోయిన స్త్రీ, చేతికి అందిరాని పిల్లలు, తోబుట్టువు దయపై ఆధారపడిన సంసారం: ఇది ఆ బాలుడు కళ్ళు తెరిచి చూసిన ప్రపంచం. మేనమామ ఉన్నాడు గనుక ఆ కుటుంబం నిలిచింది. మేనమామ లేని కుటుంబాల గతి ఏమిటన్నది ఆయన రాజకీయ జీవితమంతటా వెన్నంటిన ప్రశ్న అని చెప్పవచ్చు.

ఆ ప్రశ్న రాయలసీమకు కొత్తది కాదు. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలైన మహా కరువు కర్నూలు, బళ్ళారి జిల్లాలను ఊడ్చివేసింది. జనం ఆ విపత్తును ధాత కరువు అని తరతరాలు గుర్తుంచుకున్నారు. నాటి ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది గానీ, 1877లో రిచర్డ్ టెంపుల్ సూచనపై కూలిని రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యానికి, ఒక అణాకు తగ్గించింది. రాళ్ళు కొట్టే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు వైద్యాధికారులే అభ్యంతరం తెలిపారు. కరువు అనంతరం 1880 నాటి క్షామ సంఘం సిఫార్సులపై క్షామ నిబంధనావళి రూపొందింది. పని చేయగలవారికి పని, పని చేయలేని వృద్ధులకు, వికలాంగులకు ఉచిత సహాయం అన్నది దాని సారాంశం.

ఆ నిబంధనావళిలో ఒక పెద్ద లోటు ఉన్నది. కరువు వచ్చిందని ప్రభుత్వం ప్రకటించిన తరువాతనే సహాయం మొదలయ్యేది. వానలు కురిసి కరువు తీరిందనగానే ఆగిపోయేది. కూలివానికి వానతో పాటు పని తిరిగి వస్తుంది. ముసలివానికి వానతో పాటు వయసు తిరిగి రాదు. కరువు లేని ఏడు కూడా తిండి లేని మనిషిని గురించి నాటి చట్టం మౌనం వహించింది.

విద్యాభ్యాసం

పశువులు కాసిన బాల్యం నుంచి సంజీవయ్య చదువు వైపు నడిచారు. అన్న చిన్నయ్య, తల్లి ఆయనకు అండగా నిలిచారు. కర్నూలులో ఉన్నత పాఠశాల విద్య ముగించి, అనంతపురంలోని దత్త మండల కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. దళిత విద్యార్థికి ఉపకార వేతనం, వసతి, భోజనం ఏదీ సులభంగా దక్కని రోజులవి. ఒక పూట తిండికి, ఒక పుస్తకానికి మధ్య ఎంపిక చేసుకోవలసిన స్థితి పేద విద్యార్థులందరిదీ.

పట్టా చేతికి వచ్చినా ఇంటి పరిస్థితి పైచదువుకు అనుమతించలేదు. చిన్నచిన్న ఉద్యోగాలతో కాలం వెళ్ళదీయవలసి వచ్చింది. ఆ క్రమంలోనే 1944 ప్రాంతంలో ఆయన బళ్ళారి చేరి రేషనింగు శాఖలో గుమస్తాగా కుదిరారు. జీతం నెలకు 48 రూపాయలు.

రేషనింగు గుమస్తా

ఆ ఉద్యోగం ఎటువంటిదో తెలియాలంటే నాటి ఆహార పరిస్థితిని గుర్తుచేసుకోవాలి. 1942లో బర్మా జపాను వశమైంది. మద్రాసు రాజధానికి బర్మా నుంచి వచ్చే బియ్యం నిలిచిపోయింది. 1943లో బెంగాలు క్షామం లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ధాన్యం వ్యాపారుల ఇష్టానికి వదిలితే ఏమి జరుగుతుందో దేశమంతా చూసింది. అదే ఏడాది ఆహార ధాన్యాల విధాన సంఘం పెద్ద పట్టణాలలో రేషనింగు అమలు చేయాలని సూచించింది. ఆపైన ఒక్కొక్క పట్టణంలో ఇంటింటి లెక్కలు రాసి కార్డులు జారీచేశారు. పెద్దలకు ఇంత, పిల్లలకు ఇంత అని ఔన్సులలో కొలత నిర్ణయించారు. నిర్ణీత దుకాణంలో, నిర్ణీత ధరకు, నిర్ణీత పరిమాణంలో మాత్రమే ధాన్యం ఇచ్చేవారు.

బళ్ళారి అప్పటికి మద్రాసు రాజధానిలోని జిల్లా. ఆదోని, ఆలూరు తాలూకాలు ఆ జిల్లాలోనివే. మద్దికెర ఉన్న పత్తికొండ తాలూకా పక్కనే ఆనుకొని ఉండేది. రెండు జిల్లాలకూ నేల ఒకటే, మేఘం ఒకటే, ఆకలి ఒకటే. అటువంటి చోట రేషనింగు గుమస్తా చేతిలోని పుస్తకానికి ఉన్న విలువ సామాన్యమైనది కాదు. పుస్తకంలో పేరు ఉన్నవానికి తిండి, లేనివానికి లేదు. ఇంట్లో ఎందరు తినేవారో సరిగా రాస్తే ఒక కుటుంబం బతుకుతుంది. ఒక అంకె తప్పితే ఒక పిల్లవాని కూడు పోతుంది. ధనికుడైనా పేదవాడైనా కార్డు ముందు సమానమే అన్నది రేషనింగులోని గొప్పతనం. కార్డు లేని ఊరు పేరు లేని మనిషికి అది తలుపు తెరవకపోవడం అందులోని కొరత. ఈ రెండింటినీ దగ్గరగా చూడగల స్థానంలో సంజీవయ్య పనిచేశారు.

1945 జనవరి వరకు ఆయన బళ్ళారిలో ఉన్నారు. తరువాత కేంద్ర ప్రజాపనుల శాఖ కార్యాలయంలో కొంతకాలం పనిచేశారు. ఆ ఉద్యోగాన్నీ వదలి మద్రాసు చేరి, పచ్చయప్ప పాఠశాలలో బోధిస్తూ న్యాయ కళాశాలలో చేరారు. 1948లో న్యాయ పట్టా పొందారు.

మంత్రిగా

1950లో సంజీవయ్య తాత్కాలిక పార్లమెంటులో సభ్యులయ్యారు. 1952 ఎన్నికల తరువాత చక్రవర్తి రాజగోపాలాచారి నాయకత్వాన మద్రాసులో ఏర్పడిన మంత్రివర్గంలో సహకార, గృహనిర్మాణ శాఖల బాధ్యత స్వీకరించారు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్ళు.

అదే 1952 జూన్‌లో ఆ ప్రభుత్వం ఆహార ధాన్యాలపై నియంత్రణలను తొలగించింది. రేషనింగుతో విసిగిన పట్టణ ప్రజలు హర్షించారు. దాచిన ధాన్యం అంగళ్ళలోకి వచ్చింది. కాగా కొనుగోలు శక్తి లేనివారికి నిండిన అంగడి వలన ప్రయోజనం లేదని రాయలసీమ ఆ ఏడాదే నిరూపించింది. వరుసగా వానలు మొగం చాటేయడంతో కరువు తీవ్రమైంది. ఊరూరా గంజి కేంద్రాలు తెరవవలసి వచ్చింది. సైన్యం కూడా సహాయ కార్యక్రమాలలో పాల్గొన్నది. ముంతలు పట్టుకొని గంజికోసం వరుసలో నిలబడిన వారిలో వృద్ధులు, వితంతువులు, పసిపిల్లలు అధికం. ఒకనాటి రేషనింగు గుమస్తాకు ఈ దృశ్యం నేర్పిన పాఠం స్పష్టం. మార్కెట్టులో ధాన్యం ఉండటం వేరు, పేదవాని కంచంలో అన్నం ఉండటం వేరు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి నుంచి విడివడి ఆంధ్రలోకి వచ్చాయి. టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలోను, 1955లో బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలోను, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలోను సంజీవయ్య వివిధ శాఖలు నిర్వహించారు. 1954లో ఆయన కృష్ణవేణిని వివాహమాడారు.

ముఖ్యమంత్రిత్వం, వృద్ధాప్య పింఛను

నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్ష పదవి చేపట్టగా, 1960 జనవరి 11న సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. అప్పటికి ఆయనకు 39వ ఏడు నిండలేదు. దేశంలో ఒక రాష్ట్రానికి దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే ప్రథమం. 1962 మార్చి 12 వరకు, రెండేళ్ళకు పైచిలుకు కాలం ఆయన ఆ పదవిలో ఉన్నారు.

ఆ స్వల్ప వ్యవధిలో ఆయన ప్రభుత్వం చేపట్టిన పనులలో వృద్ధాప్య పింఛను ముఖ్యమైనది. ఆదరించే దిక్కులేని నిరుపేద వృద్ధులకు ప్రభుత్వ ఖజానా నుంచి నెలనెలా కొంత పైకం చెల్లించే ఏర్పాటు ఇది. ఉత్తరప్రదేశ్ 1957లోనే ఇటువంటి పథకాన్ని ప్రారంభించింది. అయినా నాడు దేశంలోని అధిక రాష్ట్రాలలో ఇది ఊహకు అందని విషయం. పింఛను అంటే ప్రభుత్వోద్యోగం చేసి విరమించినవానికి దక్కేదన్నది లోకంలోని భావన. జీవితమంతా ఎండలో కలుపు తీసి, ఇతరుల గాదెలు నింపి, చివరకు చేతులు పడిపోయిన కూలిమనిషి కూడా దేశానికి సేవచేసినవాడే గదా అన్న ఆలోచన ఈ పథకానికి ప్రాణం.

ఈ పథకం పుట్టుకను గురించి కర్నూలు జిల్లాలో ఒక కథనం ప్రచారంలో ఉన్నది. ముఖ్యమంత్రి అయిన తరువాత కూడా తల్లి సుంకులమ్మ పెద్దపాడులోనే ఉండేవారు. కుమారుడు ఆమె ఖర్చులకు డబ్బు ఇవ్వగా, కొడుకు ముఖ్యమంత్రి కాని తల్లుల సంగతి ఏమిటని ఆమె అడిగిందని, ఆ మాటే పింఛనుకు బీజమైందని పెద్దలు చెప్పుకుంటారు. అది అక్షరాలా జరిగినా, జనం అభిమానంతో అల్లినా, ప్రజలు ఆ పథకాన్ని ఎలా అర్థం చేసుకున్నారో ఆ కథ తెలుపుతుంది. కన్నకొడుకు చేయవలసిన పనిని సర్కారు చేసిందని వారు భావించారు.

మొదట్లో ఆ పైకం స్వల్పమే. అర్హతలు కఠినమే. అందరు వృద్ధులకూ అది అందలేదు. ఆదరించే బంధువు ఎవరూ లేరని నిరూపించుకోవడం కూడా పేదవానికి ఒక పరీక్షే. అయినప్పటికీ ఆ నిర్ణయం ఒక గీటు దాటింది. క్షామ నిబంధనావళి కరువు ఉన్నన్నాళ్ళే వృద్ధుని గుర్తించింది. పింఛను వాన కురిసినా కురవకపోయినా వృద్ధుని గుర్తించింది. గంజి కేంద్రం మూతపడితే సహాయం ఆగుతుంది. ప్రభుత్వ పుస్తకంలో పేరు ఎక్కితే నెలనెలా వస్తుంది. ఇతరుల దయ మీద కాక హక్కు మీద ఆధారపడి తినగలగడం ఇందులోని మౌలికమైన మార్పు.

భూమి, నీరు

ఆకలికి పింఛను ఉపశమనమే తప్ప పరిష్కారం కాదని సంజీవయ్య ఎరుగుదురు. ఆయన హయాంలో భూమిలేని పేదలకు సుమారు 6 లక్షల ఎకరాల బంజరు భూమి పంపిణీ జరిగింది. సెంటు భూమి లేని ఇంట పుట్టినవానికి పట్టా కాగితం విలువ వేరే చెప్పనక్కరలేదు. పేదవానికి చేరవలసినది దారిలో మాయం కాకుండా చూడటం కూడా అంతే అవసరం. ప్రభుత్వ యంత్రాంగంలో లంచగొండితనాన్ని అరికట్టే నిమిత్తం 1961లో అవినీతి నిరోధక శాఖ ఏర్పాటైంది.

ఢిల్లీలో

1962లో సంజీవయ్య అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవికి ఎన్నికైన తొలి దళితుడు ఆయనే. 1964లో కేంద్ర కార్మిక శాఖ మంత్రి అయ్యారు. ఆ రోజులలో దేశం తీవ్రమైన ఆహార సంకటంలో ఉన్నది. అమెరికా గోధుమల ఓడలకోసం ఎదురుచూడవలసిన స్థితి. పార్లమెంటు 1964లో చేసిన చట్టం ప్రకారం 1965 జనవరిలో భారత ఆహార సంస్థ ఏర్పడింది. రైతువద్ద మద్దతు ధరకు ధాన్యం కొని, గిడ్డంగులలో నిలువచేసి, చౌక ధరల దుకాణాలకు చేర్చే నేటి వ్యవస్థకు అదే వెన్నెముక. ధరలు పెరిగి కార్మికుల జీతాలు తిండికే చాలని ఆ కాలంలో, సంజీవయ్య కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. లాభనష్టాలతో నిమిత్తం లేకుండా కనీస బోనస్ పొందడం కార్మికుని హక్కు అయింది. వృద్ధుని విషయంలో పాటించిన సూత్రమే ఇక్కడా కనిపిస్తుంది. యజమాని సంతోషించి ఇచ్చేది ఈనాం, చట్టం ఇప్పించేది హక్కు.

1971లో ఆయన మరల కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 51 ఏళ్ళు. వృద్ధులకోసం పింఛను తెచ్చిన నేతకు వృద్ధాప్యం చూసే భాగ్యం దక్కలేదు.

ఆ బాటలోనే

సంజీవయ్య వేసిన బాట తరువాతి కాలంలో విశాలమైంది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టడంతో గ్రామాలలో చౌక ధరల దుకాణం పేదల జీవితంలో భాగమైంది. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ వృద్ధాప్య పింఛను పథకాన్ని నెలకు 75 రూపాయల సహాయంతో ఆరంభించింది. 2000 ఏప్రిల్‌లో అన్నపూర్ణ పథకం వచ్చింది. పింఛనుకు అర్హత ఉండి కూడా అది అందని 65 ఏళ్ళు దాటిన నిరుపేద వృద్ధులకు నెలకు 10 కిలోల ధాన్యం ఉచితంగా ఇవ్వడం దాని ఉద్దేశం. పింఛను, తిండిగింజలు ఒకే సమస్యకు రెండు ముఖాలని ఆ పథకం తేటపరచింది. అదే ఏడాది డిసెంబరులో అతి నిరుపేదలకు అంత్యోదయ అన్న యోజన మొదలైంది.

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం తిండిని చట్టబద్ధమైన హక్కుగా మార్చింది. ఆ చట్టం కింద అర్హత గల కుటుంబాలలో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు లభిస్తాయి. 2023 జనవరి నుంచి ఆ ధాన్యాన్ని కేంద్రం ఉచితంగా ఇస్తున్నది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మధ్య కార్డు మార్పిడి సౌకర్యం ప్రారంభమై, తరువాత దేశమంతటికీ విస్తరించింది. మద్దికెర నుంచి తెలంగాణకు వలస వెళ్ళిన కూలీ అక్కడి దుకాణంలోనే తన బియ్యం తీసుకోవచ్చు. ఊరిలో ఉన్న తల్లిదండ్రులు అదే కార్డుపై తమ భాగం ఇక్కడ తీసుకోవచ్చు. వృద్ధాప్య పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకు 4,000 రూపాయలకు పెరిగింది.

ఇంత జరిగినా బళ్ళారి రేషనింగు కార్యాలయం నాటి చిక్కు పూర్తిగా తొలగలేదు. జాబితాలో పేరు లేనివారు, వేలిముద్రలు అరిగి యంత్రం గుర్తించనివారు, వయసు నిరూపించే కాగితం లేనివారు ఇప్పటికీ ఉంటారు. జీవితమంతా రాళ్ళు, మట్టి తాకిన చేతులకే వేలిముద్రలు అరగడం విచారకరం. అటువంటివారిని వెదకి జాబితాలో చేర్చడమే ఆహార భద్రతకు అసలు పరీక్ష.

గోనెగండ్ల వద్ద హంద్రీ నదిపై నిర్మించిన గాజులదిన్నె జలాశయానికి సంజీవయ్య సాగరమని పేరు పెట్టారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఉద్యానవనం ఆయన పేరు ధరించాయి. ఇవన్నీ ఆయన స్మృతి చిహ్నాలే. వీటితోపాటు, పిల్లలు సుగ్గికి పోయిన ఇంటిలో ఒంటరిగా ఉన్న అవ్వ నెల మొదటి రోజులలో పింఛను అందుకొని, ఎవరినీ చేయిచాచి అడగకుండా పొయ్యి వెలిగించుకొన్న ప్రతిసారీ ఆయన జ్ఞాపకం నిలిచే ఉంటుంది.